పాడేవాడు, పాటగాడు, గాయకుడు

పెళ్లి పందిట్లో ఎవరో పాట అందుకుంటే ‘ఆ పాడే అబ్బాయి ఎవరు?’ అని అడుగుతాం. ‘ఆ గాయకుడెవరు?’ అనం. గాయకుడు అనిపించుకోవాలంటే పాట అతని వృత్తో, పేరు తెచ్చిన విద్యో అయి ఉండాలి. ‘మంచి పాటగాడు’ అంటే అతని సంగతి ఊరికి ముందే తెలుసన్నమాట. పని ఒకటే, చేసేవాడికి పేర్లు మూడు.

‘గాయకుడు’ సంస్కృతం నుంచి వచ్చింది. పాణిని అష్టాధ్యాయి మూడో అధ్యాయంలో ఒకే చిన్న సూత్రం కర్తను చెప్పే రెండు ప్రత్యయాలను ఇస్తుంది. ఒకటి ‘అక’: గాయక, పాఠక, లేఖక. రెండోది ‘తృ’: దాత, వక్త, శ్రోత, నేత. ఈ ‘తృ’ చాలా పాతది. లాటిన్ నుంచి వచ్చిన డాక్టర్, యాక్టర్ మాటల చివరి ‘టర్’ దీనికి తోబుట్టువే. డ్రైవర్‌లోని ‘అర్’ మాత్రం, చెవికి ఒకేలా వినిపించినా, వేరే వంశం. ‘తృ’ పక్కనే ‘త్ర’ ఉంది, అది పనిముట్టును చెబుతుంది. నడిపించేవాడు నేత, నడిపించే సాధనం నేత్రం. వినేవాడు శ్రోత, వినే సాధనం శ్రోత్రం, అంటే చెవి. ఇంత పొందికైన జంటలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

పారశీకం ‘దార్’ ఇచ్చింది. కలిగి ఉన్నవాడని అర్థం. జమీందారు, కౌలుదారు అలా వచ్చినవే. తెలుగువాళ్లు అక్కడితో ఆగలేదు. వినియోగదారుడు అన్న మాట విప్పి చూడండి: ‘వినియోగం’ సంస్కృతం, ‘దారు’ పారశీకం, చివరి ‘డు’ తెలుగు.

అయితే తెలుగు అసలు బలం ‘పాడేవాడు’లో ఉంది. గాయకుడు ఎప్పుడు పాడాడో ఆ మాట చెప్పదు. పాడేవాడు, పాడినవాడు, పాడనివాడు అనగానే కాలమూ తెలుస్తుంది, కాదనడమూ తెలుస్తుంది. ‘నిన్న మా వీధిలో కుండలు అమ్మినవాడు’ అని వాక్యాన్నంతా ఆ పేరులో ఇమడ్చవచ్చు. మర్యాద కూడా అక్కడే తేలుతుంది. ‘వాడు’ తీసి ‘ఆయన’ పెడితే పాలు పోసే ఆయన, ‘ఆవిడ’ పెడితే పూలమ్మే ఆవిడ. అందుకే పత్రికల్లో ‘విక్రయదారుడు’ కనిపించినప్పుడల్లా ‘అమ్మే ఆయన’ అని రాస్తే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఆడవాళ్ల విషయంలోనూ ఇదే తేలిక దారి. వక్త, శ్రోత ఇద్దరికీ సరిపోతాయి. గాయకుడికి గాయని, రచయితకు రచయిత్రి, క్రీడాకారుడికి క్రీడాకారిణి కావాలి. ‘ఆడేవాళ్లు’ అంటే మైదానంలో ఉన్న అందరూ వచ్చేస్తారు.