మురుగునీటి చెరువులో గులాబి రెక్కలు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనగానే మనవారికి ముందుగా స్ఫురించేవి ఇసుక తిన్నెలు, చమురు బావులు, బంగారు నగల దుకాణాలు. నీటిపక్షులు ఎవరికీ స్ఫురించవు. ఈ దేశానికి వచ్చిన చాలా ఏళ్ళ వరకు నాకూ స్ఫురించలేదు. ఒక శీతాకాలంలో మా నాన్నగారు కైకలూరు ప్రాంతం నుంచి విజిట్ వీసాపై వచ్చారు. దుకాణ సముదాయాలు చూపిస్తే రెండు రోజులకే విసుగు చెంది, "ఇక్కడ చెరువనేది ఏదైనా ఉన్నదా?" అని అడిగారు. కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన మనిషి అడగవలసిన ప్రశ్నే. సమాధానంగా ఒక శనివారం ఉదయం దూరదర్శిని, పులిహోర, మంచినీళ్ళ సీసాలు కారులో వేసుకుని, నాన్నగారిని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని అల్ వత్బాకు బయలుదేరాను.

అబుధాబి నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఒంటె పందేలకు పేరుపొందిన ప్రాంతమది. అక్కడి చిత్తడినేల ప్రకృతిసిద్ధమైనది కాదు. అలాగని పక్షుల కోసం ఎవరో తవ్వించినదీ కాదు. 1982లో మఫ్రక్ మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి మిగులు నీరు ఉప్పు పేరుకున్న పల్లపు నేలలోకి చేరి నిలిచిపోయింది. నీటి వెంట రెల్లు, రెల్లు వెంట పురుగులు, పురుగుల వెంట పక్షులు వచ్చాయి. 1998లో ఫ్లెమింగోలు అక్కడ మట్టిగూళ్ళు కట్టి పిల్లలను లేపాయి. అదే సంవత్సరం షేక్ జాయెద్ ఆ ఐదు చదరపు కిలోమీటర్ల ప్రదేశాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 2013లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రాంసర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. మరుసటి సంవత్సరం ప్రజలకు ప్రవేశం లభించింది. ఇంతవరకు అక్కడ 250కి పైగా పక్షిజాతులు నమోదైనాయి.

కాలిబాటలో పది నిమిషాలు నడిచేసరికి నీరు కనిపించింది. నాన్నగారికి దూరదర్శిని అవసరం కాలేదు. "అదుగో బొల్లికోడి," అన్నారు. నల్లని ఒళ్ళు, నుదుట తెల్లని మచ్చతో అది నిజంగా కొల్లేటి బొల్లికోడే. చెంచా వంటి ముక్కుతో నీటిని జల్లెడ పడుతున్న బాతులు, సూదితోక బాతులు, ఎర్రని పుల్లల వంటి కాళ్ళ ఉల్లంకి పిట్టలు ఒక్కొక్కటిగా కంటబడ్డాయి. వాటిలో చాలా భాగం ఉత్తరాన సైబీరియా, మధ్య ఆసియాల నుంచి చలికాలానికి దిగివచ్చినవి. మన తీరానికి వచ్చే బాతులలోనూ అనేకం ఆ శీతల ప్రదేశాలవే. ఆ లెక్కన అవి కూడా మనవలెనే ప్రవాసులు. కాకపోతే వీసా గడువుతో వాటికి పనిలేదు.

ఆ తరువాత ఫ్లెమింగోలు కనిపించాయి. మన పత్రికలు వీటిని రాజహంసలని వ్రాస్తుంటాయి గాని హంసజాతికీ వీటికీ దగ్గరి సంబంధం లేదు. వందల సంఖ్యలో, తలలు నీటిలోకి తలక్రిందులుగా ముంచి మేస్తున్నాయి. మా అమ్మాయి, "నాన్నా, కొన్ని గులాబి రంగులో, కొన్ని బూడిదరంగులో ఉన్నాయేం?" అని అడిగింది. రసాయన శాస్త్రవేత్తకు ఇంతకంటె మంచి ప్రశ్న దొరకదు.

ఏ పక్షీ కెరోటినాయిడ్లను తన శరీరంలో మొదటి నుంచి తయారు చేసుకోలేదు. ఆహారం నుంచి పొందవలసిందే. ఉప్పునీటిలోని సూక్ష్మ శైవలాలు బీటా కెరోటిన్ వంటి వర్ణకాలను తయారు చేస్తాయి. వాటిని ఆర్టీమియా అనే గోరంత కూడా లేని ఉప్పునీటి రొయ్య తింటుంది, దానిని ఫ్లెమింగో తింటుంది. బీటా కెరోటిన్ అణువులో 11 ద్విబంధాలు ఒకదాని విడిచి ఒకటిగా, గొలుసువలె అమరి ఉంటాయి. జీవదేహంలోని ఎంజైములు ఆ గొలుసు రెండు చివరలా ఒక్కొక్క ఆక్సిజన్ పరమాణువును చేర్చగా కాంథాజాంథిన్ ఏర్పడుతుంది. గొలుసు పొడవైనకొద్దీ అణువు పీల్చుకునే కాంతి తరంగం కూడా పొడవవుతుంది. పసుపు నారింజకు, నారింజ ఎరుపుకు జరుగుతుంది. బూడిదరంగువి పిల్లపక్షులు. తగినంత వర్ణకం ఈకలలో చేరడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. జంతుప్రదర్శనశాలలో మేతలో కెరోటినాయిడ్లు లోపిస్తే పెద్దవి సైతం వెలిసిపోతాయి. ఇంకొక వింత: తోక మొదట్లోని గ్రంథి నుంచి వచ్చే రంగుగల తైలాన్ని బుగ్గతో రుద్ది ఇవి మెడకు పూసుకుంటాయని, జతకట్టే కాలంలో ఈ అలంకరణ ఎక్కువవుతుందని స్పెయిన్ శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించారు. ఇది విని మా అమ్మాయి చాలాసేపు నవ్వింది.

అసలు కిటుకు ఉప్పులో ఉన్నది. సాధారణ సముద్రజలంలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటాయి. అంతకు ఎన్నో రెట్లు ఉప్పు పెరిగినా ఆర్టీమియా జీవించగలదు. దానిని తినే చేపలు జీవించలేవు. కనుక ఎండకు నీరు ఆవిరై ఉప్పు చిక్కబడడం ఫ్లెమింగోకు మేలే. త్రాగిన ఉప్పును కళ్ళపైనున్న గ్రంథుల ద్వారా ముక్కుపుటాల నుంచి విసర్జించగలదు కూడా. అయితే హద్దున్నది. మంచినీరు ఎక్కువైతే చేపలు చేరి రొయ్యను తినివేస్తాయి. నీరు రాకుండా ఉప్పు మితిమీరితే రొయ్య కూడా నశిస్తుంది, దాని గట్టి పెంకు గల గ్రుడ్లు మాత్రం ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. ఈ త్రాసు నిలవాలంటే నీరు వస్తూ ఉండాలి. ఎడారిలో శుద్ధి చేసిన నీటికి గిరాకీ తక్కువ కాదు. తోటలకు, దారి పక్క చెట్లకు అదే ఆధారం. అనుకోకుండా మిగిలిన నీటితో పుట్టిన చెరువు, మిగులు లేని నాడు ఎవరో పనిగట్టుకుని ఇస్తేనే బ్రతుకుతుంది. వృత్తిరీత్యా నాకు కలిగే భయమిది. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వారు నీటి గుణాన్నీ పక్షుల సంఖ్యనూ గమనిస్తూ ఉండడం కొంత ఊరట.

"ఈ నీళ్ళెక్కడివి?" అని నాన్నగారు అడిగినప్పుడు ఉన్నమాట చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత తనకు తానే చెప్పుకున్నట్లు కొల్లేటి సంగతి ఎత్తారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు సరస్సులో విశ్రాంతి తీసుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయేది. చేపల చెరువుల గట్లు ఆ దారిని ముక్కలు చేశాయి. 1999లో అభయారణ్యమని ప్రకటించారు, 2002లో రాంసర్ జాబితాలో చేర్చారు, 2006లో గట్లను పేల్చివేశారు. "మా చెరువు గట్టు కూడా పోయింది. అప్పుడు ఏడ్చాను," అన్నారు నాన్నగారు. ఆ చెరువు ఆదాయంతోనే నా డాక్టరేటు చదువు సాగిందన్నది ఆయన అనలేదు, నేనూ అనలేదు.

తిరుగు దారిలో దుబాయ్ రాస్ అల్ ఖోర్ కూడా చూశాము. ఖాడీ చివరనున్న ఆ చిత్తడినేల 2007లో ఈ దేశం నుంచి రాంసర్ జాబితాలో చేరిన మొదటిది. మడచెట్ల వెనుక బుర్జ్ ఖలీఫా, ముందు ఫ్లెమింగోలు. ఫోటోలకు అదే బాగుంటుంది గాని, మా ముగ్గురికీ అల్ వత్బాయే నచ్చింది.

ఆ రాత్రి నాన్నగారు ఊరికి ఫోను చేసి, ఆటపాకకు ఈ ఏడు గూడబాతులు వచ్చాయా అని మా బాబాయిని అడిగారు. వచ్చాయట.

వెళ్ళదలచిన పాఠకులకు ఒక మనవి. నవంబరు నుంచి మార్చి వరకు అనుకూలం. అల్ వత్బా తెరచి ఉండే రోజులను ముందుగా విచారించుకోవాలి. ముదురు రంగు దుస్తులు కాక ఇసుక రంగువి ధరిస్తే పక్షులు బెదరవు. తినుబండారాలు వాటికి వేయరాదు. మా పులిహోర కారులోనే ముగించాము.