వండిన అన్నంలో హానికర బ్యాక్టీరియా – వృద్ధి, నియంత్రణ

కలుషిత ఆహారం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 60 కోట్ల మంది అస్వస్థులవుతున్నారని, 4.2 లక్షల మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. మృతుల్లో 1.25 లక్షల మంది ఐదేళ్లలోపు పిల్లలు. ఆహారాన్ని బాగా ఉడికించాలన్న సలహా సాల్మొనెల్లా, ఇ. కోలై వంటి బ్యాక్టీరియాను అరికట్టడానికి చాలావరకు ఉపకరిస్తుంది. అయితే వంట పూర్తయిన తరువాతే వృద్ధి చెందే బ్యాక్టీరియా కూడా ఉన్నాయి. వాటికి మన ప్రధానాహారమైన అన్నమే చక్కని ఉదాహరణ.

బాసిల్లస్ సీరియస్ స్వభావం

బాసిల్లస్ సీరియస్ నేలలో సహజంగా నివసించే బ్యాక్టీరియా. దీని సిద్ధబీజాలు పొలం నుండి ధాన్యంతో పాటు బియ్యంలోకి చేరుతాయి. అన్నం ఉడికేటప్పుడు బ్యాక్టీరియా కణాలు నశించినా, దృఢమైన పొర గల సిద్ధబీజాలు బతికి ఉంటాయి. పైగా ఆ వేడి వాటి మొలకను ప్రేరేపిస్తుంది. ఉడికిన అన్నంలో తేమ, పిండిపదార్థం సమృద్ధిగా ఉంటాయి, పోటీపడే ఇతర సూక్ష్మజీవులు ఉండవు. మన ప్రాంతపు గది ఉష్ణోగ్రత దీని వృద్ధికి అత్యంత అనుకూలం. వృద్ధి మొదలైన తరువాత 20 నిమిషాలకొకసారి సంఖ్య రెట్టింపవుతుందనుకుంటే, గ్రాము అన్నంలోని 100 కణాలు 3 గంటల 20 నిమిషాల్లో లక్ష దాటుతాయి. అప్పటికీ రంగు, రుచి, వాసనల్లో మార్పు తరచుగా కనిపించదు.

ఇది రెండు విధాలుగా హాని చేస్తుంది. మొదటిది, ఆహారంలోనే తయారయ్యే సీరులైడ్ అనే విషపదార్థం. దీనివల్ల తిన్న 1–6 గంటల్లో వాంతులవుతాయి. ఇది 121 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటన్నర ఉంచినా నశించదు. అందువల్ల అన్నాన్ని మళ్లీ వేడి చేసినంత మాత్రాన సురక్షితం కాదు. రెండవది, పేగులలో విడుదలయ్యే విషపదార్థం. దీనివల్ల 8–16 గంటల్లో విరేచనాలవుతాయి.

బ్రిటన్ అనుభవం

1970వ దశకం ఆరంభంలో బ్రిటన్‌లోని చైనీస్ భోజనశాలల్లో ఫ్రైడ్ రైస్ తిన్నవారు అస్వస్థులైన ఘటనలు ఈ సమస్యను వెలుగులోకి తెచ్చాయి. మెతుకులు అంటుకుంటాయన్న భావనతో ఉడికిన అన్నాన్ని ఫ్రిజ్‌లో ఉంచక, గంటల తరబడి బయటే వదలి, తరువాత కొద్దిసేపు వేయించి వడ్డించడమే కారణమని తేలింది. పులిహోరకు, ఫ్రైడ్ రైస్‌కు ముందుగా అన్నం వండి ఆరబెట్టే మన వంటశాలల్లోనూ ఈ జాగ్రత్త అవసరం.

చద్దన్నంలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పులుపును పెంచే కొద్దీ బాసిల్లస్ వృద్ధి మందగిస్తుంది. అయితే అంతకుముందే ఏర్పడిన సీరులైడ్‌ను పులుపు తొలగించలేదు. కాబట్టి అన్నం చల్లారిన వెంటనే నానవేయాలి.

నియంత్రణ చర్యలు

1. వండిన అన్నాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగా గాని, 5 డిగ్రీలకు లోపు చల్లగా గాని ఉంచాలి. గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదు.
2. పెద్ద గుండిగలో వదిలిన అన్నం మధ్యభాగం చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. నిల్వ చేయదలచిన అన్నాన్ని శుభ్రమైన వెడల్పాటి పళ్లాలలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచాలి.
3. ఎక్కువమందికి వండేటప్పుడు ఒకేసారి కాక, వడ్డనకు తగినట్లు విడతలుగా వండాలి.
4. మిగిలిన పాత అన్నాన్ని కొత్త అన్నంలో కలపరాదు.
5. చేతులపై పుండ్లు, గాయాలు ఉన్నవారు వంట, వడ్డన చేయరాదు. వారి చేతుల ద్వారా చేరే స్టెఫిలోకాకస్ ఆరియస్ కూడా వేడికి తట్టుకునే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది.

ముగింపు

వసతిగృహాలు, అంగన్‌వాడీలు, వివాహ విందుల్లో వంటకు, వడ్డనకు మధ్య గంటలు గడచిపోవడం సాధారణం. చిన్నపిల్లలు, వృద్ధులు వాంతులు, విరేచనాల వల్ల త్వరగా నీరసిస్తారు. కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు వంటశాలలను సందర్శించినప్పుడు అన్నం ఉడికిందా అని మాత్రమే కాక, వండి ఎంతసేపైంది, అప్పటినుండి ఎంత వేడిలో ఉంచారు అని కూడా విచారించాలి. గుండిగపై వండిన సమయాన్ని రాసిపెట్టే అలవాటును వంటవారికి నేర్పితే, ఖర్చు లేకుండానే ఈ ప్రమాదాన్ని గణనీయంగా తగ్గించవచ్చు.