అరమండిలో విచ్చుకునే ఆరు గజాలు

2016 డిసెంబరులో విజయవాడలో 6,000 మందికి పైగా కళాకారులు ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. మనిషికో చీర చొప్పున లెక్కేసి చూడండి. ఆరు గజాల చీరంటే దాదాపు 5.5 మీటర్లు. 6,000 చీరలకు 33,000 మీటర్లు, అంటే 33 కిలోమీటర్లు. ఒక కొస మా అనకాపల్లి నెహ్రూచౌక్‌లో పట్టుకుంటే రెండో కొస విశాఖపట్నంలో తేలుతుంది.

కానీ ఇప్పటి కూచిపూడి డ్రెస్సు సాధారణంగా చీరలా కట్టుకునేది కాదు. దర్జీ చేతిలో ముక్కలై పైజామాగా, పైటగా, నడుముకు కట్టే కటిగా, కాళ్ల మధ్య మడతల ఫ్యాన్‌గా మారిన చీర. పట్టుమని పది నిమిషాల్లో తొడుక్కోవచ్చు. ఇది తరతరాల సంప్రదాయమని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి ఈ కుట్టు డ్రెస్సుకు నిండా వందేళ్లు లేవు. పైగా దాని కథలో ఒక రష్యన్ బాలే నర్తకి కూడా ఉంది.

మనం నృత్యరూపకాన్ని 'డాన్స్ బ్యాలే' అని పోస్టర్ల మీద వేస్తూనే ఉంటాం. అసలు బాలేలో ఆడవాళ్లు తొడిగే పొట్టి గౌను పేరు టుటు. 1832 మార్చి 12న పారిస్ ఒపేరాలో 'లా సిల్ఫీద్' బాలే ఆడినప్పుడు నర్తకి మరీ తాల్యోనీ వేసుకున్న తెల్లని పల్చటి గౌను గంట ఆకారంలో పిక్కల దాకా ఉండేది. అంతకన్నా పైకి పోవడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇటలీ నర్తకి వర్జీనియా జుక్కి తన గౌనును మోకాళ్ల పైకి కత్తిరించింది. మునివేళ్ల మీద గిరగిరా తిరిగే కాలు ప్రేక్షకుడికి కనిపించాలి కదా. క్రమంగా 10, 12 పొరల వలగుడ్డ నడుము చుట్టూ పళ్లెంలా నిలబడింది. 1950లో న్యూయార్క్‌లో నృత్య దర్శకుడు బాలన్‌చిన్ బృందానికి దుస్తులు కుట్టిన కరిన్‌స్కా లోపలి తీగ చట్రాన్ని తీసేసి, పొరలు తగ్గించి దాన్ని మెత్తని పువ్వులా చేసింది. ఆ మార్పులన్నిటిలో నాకు కనిపించేది ఒక్కటే, కాలు చేసే పనికి గుడ్డ దారి ఇవ్వడం.

ఆ టుటు తొడిగి ప్రపంచమంతా తిరిగిన రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా. 1928లో బొంబాయి వచ్చినప్పుడు రుక్మిణీదేవి అరండేల్ ఆమెను కలిశారు. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర బాలే కూడా నేర్చుకున్నారు. మీ దేశపు నాట్యాన్ని వెతుక్కోమని సలహా ఇచ్చింది పావ్లోవానే. 1935 డిసెంబరులో మద్రాసు అడయారులో రుక్మిణీదేవి తొలి భరతనాట్య ప్రదర్శన ఇచ్చారు. గుడి శిల్పాలను చూసి ఆమె ఊహించిన దుస్తులను కుట్టిపెట్టింది మదామ్ కజాన్ అనే ఇటలీ మహిళ. ఆ కుట్టు పద్ధతి మద్రాసు నుంచి మిగతా నాట్యాలకూ పాకింది. 1963లో వెంపటి చినసత్యం కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిందీ ఆ మద్రాసులోనే.

ఒకప్పుడు కూచిపూడి ఆడే భాగవతులందరూ మగవాళ్లే. సత్యభామ వేషానికి చీర కట్టేదీ మగవాడే. ఆ వేషానికి పెట్టింది పేరైన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చీరకట్టు, జడ, నడక చూసిన ఆడవాళ్లే నివ్వెరపోయేవారు. నగలు బూరుగు వంటి తేలిక కర్రతో చేసేవారు. మా జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలు చూసిన వాళ్లకు కర్ర మీద రంగు ఎంత మెరుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. రాత్రంతా ఆడాలి కాబట్టి ఒంటి మీద బరువు తగ్గించుకున్నారు. ఈ రోజుల్లో నడుముకు గట్టి లోహపు వడ్డాణం బిగించిన ఏడేళ్ల పిల్ల ఊపిరి అందక స్టేజీ పక్కన నిలబడటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మొన్న మా అక్క కూతురి డ్రెస్సును మంచం మీద పరిచి చూశాను. మెరూన్ పట్టు, ఆకుపచ్చ అంచు. ఫ్యాన్‌లో 14 మడతలు, ఇస్త్రీ పెట్టి గట్టిగా పట్టేలా చేశారు. రెండు చివరలూ పైజామా లోపలి కుట్లకు కలిపారు. చీర చెంగులోని జరీ అంతా ఇక్కడికే తెచ్చాడు దర్జీ. పిల్ల నిటారుగా నిలబడితే మడతలు మూసుకుని సన్నటి చారలా ఉన్నాయి. మడమలు కలిపి, మోకాళ్లు పక్కలకు తెరిచి అరమండిలో కూర్చోగానే ఒక్కసారి అర్ధచంద్రంలా విచ్చుకున్నాయి. గురువుకు కొలబద్ద అక్కర్లేదు. ఫ్యాన్ సగమే తెరుచుకుందంటే మోకాలు సగమే తెరుచుకుందని అర్థం. భరతనాట్యంలో సాధారణంగా పొట్టివి, పొడుగువి కలిపి మూడు ఫ్యాన్‌లు కనిపిస్తే, మన కూచిపూడిలో పొడవాటిది ఒక్కటే ఉంటుంది. దాంతో తప్పు దాగదు.

ఇక నిప్పు సంగతి. 1862 నవంబరు 15న పారిస్‌లో రిహార్సల్ జరుగుతుండగా బాలే నర్తకి ఎమ్మా లివ్రీ గౌనుకు గ్యాసు దీపం అంటుకుంది. నిప్పంటుకోకుండా మందు పట్టించిన గుడ్డ బిరుసుగా, మాసినట్టు ఉంటుందని ఆమె వేసుకోనంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జులైలో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు. మన భాగవతులూ కాగడాల వెలుగులో ఆడినవాళ్లే. పాత్ర ప్రవేశానికి కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించేవారు. ఇప్పటికీ చేతుల్లో దీపాలతో పిల్లల చేత ఆడిస్తున్నాం. పట్టుకు నిప్పు తగిలితే నెమ్మదిగా కాలుతుంది. పాలిస్టరు మాత్రం కరిగి చర్మానికి అంటుకుపోతుంది. అద్దెకిచ్చే డ్రెస్సుల్లో పట్టులా మెరిసే పాలిస్టరు కూడా ఉంటుంది.

కాబట్టి ఈసారి పాప డాన్సు డ్రెస్సుకు కొలతలు ఇచ్చేటప్పుడు నిలబెట్టి కొలిచి ఊరుకోకండి. అరమండిలో కూర్చోబెట్టి మోకాలి నుంచి మోకాలికి టేపు పెట్టమనండి. పిల్ల ఏడాదికేడాది ఎదుగుతుంది కనుక పైజామా అంచులో, జాకెట్టు పక్కల్లో రెండేసి అంగుళాల గుడ్డ లోపలికి మడిచి వదలమనండి. దీపాల నృత్యం ఉందని చెబితే పట్టుదే అడిగి తీసుకోండి, పాలిస్టరు వద్దనండి.