ఇంజన్ పవర్ పెంచారు సరే, క్లచ్ సంగతేంటి?

పాత స్విఫ్ట్ డీజిల్ కొన్న కుర్రాళ్లకు ముందు పట్టుకునే మోజు రీమ్యాప్. కంపెనీ ఇచ్చిన 190 న్యూటన్ మీటర్ల టార్క్ పెరుగుతుంది. దాన్ని చక్రాలకు అందించే క్లచ్ మాత్రం పాతదే. ఖమ్మం వీధుల్లో ఈ తేడా తెలియదు. అమ్మీ, అబ్బా, పిల్లలు, సామాను అంతా ఎక్కించుకుని భద్రాచలం దాటి, చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడుతుంది. ఆర్పీఎం లేస్తుంది, బండి కదలదు, కాలిన వాసన వస్తుంది. ఆ అడవిలో ఫోన్ సిగ్నల్ అందని చోట్లు కూడా ఉన్నాయి.

అందుకే బయల్దేరే ముందే ఖాళీ రోడ్డు మీద చూసుకోండి. నాలుగో గేరులో, 1800 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ముల్లు ఎగిరి, స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. అయితే వెంటనే ప్లేటు ఒక్కటే మార్పించకండి. ఇంజన్ ఆయిల్ సీలు కారి ప్లేటు తడిసినా ఇలాగే జారుతుంది, సీలు వదిలేస్తే కొత్త ప్లేటూ పోతుంది. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఫ్లైవీల్ కూడా చూపించండి.

గేరు పడకపోవడం వేరే జబ్బు. హైడ్రాలిక్ క్లచ్ బండిలో పెడల్ రెండుమూడుసార్లు కొడితే గేరు పడుతోందా? అయితే ముందు లైన్లో గాలి, లీకు చూడమనండి.

ఘాట్‌లోనే జారడం మొదలైతే పక్కకు ఆపి, అరగంట చల్లారనివ్వండి. తర్వాత చిన్న గేరులో, యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కుతూ, హాఫ్ క్లచ్ లేకుండా దగ్గరి ఊరికి చేరుకోండి.