ఆయుధం బొమ్మ 'నేను' అయిన కథ

తెలుగులో అక్షరాన్ని చూడగానే పలుకు తెలిసిపోతుంది. చైనా లిపి అలా కాదు. అక్కడ గుర్తును, దాని పలుకును, అర్థాన్ని మూడింటినీ విడివిడిగా నేర్చుకోవాలి. అలాంటి ఒక పాత గుర్తు గురించి మేము తెలుసుకున్న సంగతులు మిత్రులతో పంచుకుంటున్నాము.

సుమారు 3,200 ఏళ్ళ కిందట, షాంగ్ రాజుల కాలంలో, తాబేలు చిప్పల మీద, ఎద్దుల ఎముకల మీద శకున ప్రశ్నలు చెక్కేవారు. అది ప్రాచీన లిపి అని 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు గుర్తించాడు. ఆ రాతల్లో ఒక బొమ్మ ఉంది. నిలువు కర్ర, దానికి రంపంలా పళ్ళున్న అంచు. అది ఒక ఆయుధం బొమ్మ అని పండితులు చెబుతారు.

అయితే ఆ ఎముకల మీద దాని అర్థం 'మేము'. ఎందుకని? చెట్టుకు, కత్తికి బొమ్మ గీయవచ్చు. 'మేము' అనే మాటకు ఏ బొమ్మ గీస్తాం? అందుకే ఆ మాటలాగే పలికే ఆయుధం బొమ్మను అరువు తెచ్చుకున్నారు. వాడగా వాడగా అరువు సొమ్మే సొంతమైంది. ఆయుధమనే అర్థం మరుగున పడింది. కాలక్రమంలో అది 'నేను' అయింది. నేటికీ పత్రాల్లో 'మా పాఠశాల', 'మా దేశం' అని రాయడానికి ఇదే గుర్తు వాడతారు.

ఇక పలుకు సంగతి. నేటి ప్రామాణిక చైనా భాషలో దీన్ని 'వో' అంటారు. గొంతు కిందికి దించి మళ్ళీ పైకి లేపాలి. హాంకాంగ్‌లో వినిపించే కాంటనీస్‌లో 'ఙో', వియత్నాం వారి చదువులో 'ఙా', జపానులో 'గ', కొరియాలో 'ఆ'. వీటన్నిటినీ పోల్చి చూసి, పూర్వం ఈ మాట 'ఙ'తో మొదలయ్యేదని భాషా శాస్త్రజ్ఞులు తేల్చారు. వర్ణమాలలో వల్లించి, 'వాఙ్మయం' వంటి మాటల్లో తప్ప మనం మరచిపోయే 'ఙ' వారి 'నేను'కు తొలి అక్షరమన్నమాట! ఇప్పుడు హాంకాంగ్ యువతలో చాలామంది దాన్నీ వదిలేసి 'ఓ' అంటున్నారు. పలుకు అరుగుతోంది, గుర్తు నిలిచి ఉంది.

ఆ గుర్తు 'మేము' నుంచి 'నేను'కు నడిచింది. హాస్టల్లో మన నడక దానికి ఎదురు. ట్రంకు పెట్టెతో 'నేను'గా వస్తాం, 'మేము'గా వెళతాం.