పాఠశాలల భద్రత: అదృష్టమా? శాసనమా?

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేది ఆదివారము. ఆనాటి యుదయమున సునామీ కెరటములు నెల్లూరు తీరముపై విరుచుకొనిపడి, పట్టపుపాలెములలో పడవలను, వలలను, మనుష్యప్రాణములను హరించెను. ఆ దినమున బడులకు సెలవు. అదియే సోమవారమైనచో, ఇసుకదిబ్బల చెంతనున్న బడులలోని పసివారు ఎవరి మాట విని యే దిక్కునకు పరుగిడియుందురు? తలుపులు తీయువారెవరు? ఎందరు వచ్చిరి, ఎందరు రాలేదని లెక్క చూచువారెవరు? ఈ ప్రశ్నలకు ఆనాడు సమాధానము లేకుండెను. నేడును ఇవి పెక్కు గ్రామములలో అడుగదగిన ప్రశ్నలే యని మా యభిప్రాయము. ఆనాడు మన తరగతి గదులను కాచినది ఆదివారము. మనము చేసిన యేర్పాటు కాదు.

ఈ తీరమునకు గండములు క్రొత్తవి కావు. 1927 నవంబరులో వచ్చిన గాలివాన నెల్లూరు సీమను అల్లకల్లోల మొనర్చెను. 1984 నవంబరులో మరియొక తుపాను శ్రీహరికోట, దుగరాజపట్నముల ప్రాంతమున తీరము దాటెను. 1989 నవంబరులో థాయిలాండు సింధుశాఖలో జనించిన పెనుతుపాను బంగాళాఖాతము నంతయు దాటివచ్చి కావలి చెంత నేలను తాకెను. మూడును నవంబరు మాసముననే సంభవించినవి. నవంబరనగా బడులు నిండుగా సాగు కాలము. వేసవి సెలవులు మనకు ఎండనుండి విశ్రాంతి నిచ్చును గాని తుపానునుండి రక్షణ నీయజాలవు.

తీరగ్రామముల యునికిని తెలిసినవారికి అపాయము యొక్క స్వరూపము చక్కగ బోధపడును. జువ్వలదిన్నె మొదలు ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నముల వరకును గల తీరమున పెక్కు పాలెములకు తూర్పున సముద్రము, పడమట బకింగుహాము కాలువ. నడుమ పలుచని యిసుకనేల. ఉప్పెన వచ్చిన వేళ పిల్లలను మెరకకు జేర్చవలెనన్న కాలువ వంతెన దాటవలెను. ఆ వంతెనకు బడి యెంత దూరము, చిన్నపిల్లల నడకకు ఎన్ని నిమిషములు పట్టును, దారి మునిగినచో రెండవ దారి యేది అనునవి ముందుగా కొలిచి వ్రాసికొనవలసిన సంగతులు. నీరు గుమ్మమునకు వచ్చిన పిమ్మట ఆలోచించుటకు వ్యవధి యుండదు.

ఇంకొక విశేషము కలదు. 1977 నవంబరు 19వ తేదిన కృష్ణాతీరమున వేలమందిని బలిగొన్న దివిసీమ యుప్పెన తరువాత తీరము పొడవునను తుపాను రక్షణ భవనములు నిర్మింపబడినవి. వీనిలో పెక్కింటిని మామూలు దినములలో బడులుగ వాడుకొనుట కద్దు. రక్షణ భవనము లేనిచోట బడియే రక్షణ భవనము. తాటాకు కప్పుల క్రింద నివసించు కుటుంబములు తుపాను రాత్రి తలదాచుకొనుటకు పరుగిడునది ఆ పక్కా కట్టడమునకే. కావున తీరమున బడి కప్పు బలహీనమైనచో నష్టము పిల్లలతో ఆగదు. ఊరంతయు దానిక్రిందనే యుండును.

ఆ బలమును హరించునది తుపాను ఒక్కటియే కాదు. ఉప్పుగాలి నిత్యము కాంక్రీటులోనికి చొచ్చి లోని యినుప చువ్వలకు త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన చువ్వ యుబ్బి పైనున్న కాంక్రీటును పగులగొట్టును. పెచ్చులూడుట ఆ రోగమునకు లక్షణము. ఆ పెచ్చులపై సున్నపు పూత పూయుట పుండుపై పట్టుబట్ట కప్పుట వంటిది. 2019లో మన రాష్ట్రమున ప్రారంభమైన నాడు–నేడు పథకము మొదటి విడత 15,715 పాఠశాలలను చేపట్టి, మరుగుదొడ్లు, త్రాగునీరు, మరమ్మతులు, ప్రహరీలు సమకూర్చ బూనెను. ఆ యుద్యమము శ్లాఘనీయమే. కాని రంగు వేసిన గోడ యెల్ల గట్టి గోడ యని నమ్మరాదు. ఎన్నియేండ్ల కొకమారు ఎవరు పరీక్షింపవలెను, పరీక్షింపనివాడు ఎవరికి జవాబు చెప్పవలెను అనునది పథకముతో తేలునది కాదు, శాసనముతో తేలవలెను.

శాసనములు లేవా యని కొందరు ప్రశ్నింపవచ్చును. కలవు. 2004 జూలై 16వ తేదిన కుంభకోణమున నొక బడిలో వంటశాల నిప్పు పూరికప్పు నంటుకొని 94 మంది పసివారు ఆహుతియైరి. ఆ ఘోరముపై విచారణ సాగించిన సర్వోన్నత న్యాయస్థానము 2009 ఏప్రిలులో తీర్పు చెప్పుచు, విద్యాహక్కునందే సురక్షితమైన బడిలో చదువుకొను హక్కును ఇమిడియున్నదని నిర్ణయించి, ప్రతి బడియందును అగ్నిమాపక సాధనములు, ఉపాధ్యాయులకు శిక్షణము, కట్టడముల పరీక్ష యుండవలెనని యాదేశించెను. 2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము అన్ని ఋతువులకు నిలుచు కట్టడ ముండవలెనని విధించెను. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థయు, 2021లో కేంద్ర విద్యాశాఖయు పాఠశాలల భద్రతకై మార్గదర్శక సూత్రములను ప్రకటించినవి.

ఇన్ని యున్నను, 2025 జూలై 25వ తేదిన రాజస్థానమందలి ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామమున ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు బాలబాలికలు మరణించిరి. మరునాడు కేంద్రమువారు దేశమందలి బడుల నెల్ల పరీక్షింపుడని రాష్ట్రములకు ఉత్తరువు లిచ్చిరి. ప్రాణములు పోయిన మరునాడు పరీక్ష! ఇదియే మన వ్యాధి. తీర్పు ఒకచోట, చట్టము వేరొకచోట, సూత్రము లింకొకచోట నున్నవి. వీని నన్నింటిని ఒక గ్రామమందలి యొక బడి గుమ్మము చెంతకు దెచ్చి, ఇదిగో వీరు బాధ్యులు, ఇదిగో గడువు అని చెప్పు శాసనమే కావలసియున్నది.

ఇతర దేశములు ఈ పాఠమును ఎట్లు నేర్చెనో చూతము. 1933 మార్చి 10వ తేది సాయంకాలమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లాంగ్ బీచి భూకంపము పెక్కు పాఠశాలలను నేలమట్టము గావించెను. బడులు విడిచిన పిమ్మట వచ్చుటచే పిల్లలు బ్రతికిరి. మన ఆదివారము వంటిదే వారి సాయంకాలము. కాని వారు అదృష్టమునకు నమస్కరించి యూరకుండలేదు. సరిగా నెల దినములకు, ఏప్రిలు 10వ తేదిన, ఫీల్డు చట్టము అమలులోనికి వచ్చెను. దాని ననుసరించి ప్రభుత్వ పాఠశాలల పటములను రాష్ట్రపు నిపుణులు పరిశీలింపవలెను. కట్టుచున్నంత కాలము స్వతంత్ర పరిశీలకుడు చూడవలెను. పని పటము ప్రకారమే జరిగినదని ఆయా బాధ్యులు ప్రమాణపూర్వకముగ వ్రాసి యీయవలెను.

జపానునందు జరిగినది మరియు హృదయవిదారకము. 2011 మార్చి 11వ తేది భూకంపము తరువాత ఒకావా ప్రాథమిక పాఠశాల పిల్లలను సుమారు 50 నిమిషములు ఆటస్థలముననే నిలిపిరి. వెనుక కొండ యుండెను. ఎచ్చటికి పోవలెనో తేలకపోయెను. సునామీ వచ్చి 74 మంది పిల్లలను, 10 మంది సిబ్బందిని గొనిపోయెను. ఆ బడి సముద్రమునకు సుమారు 4 కిలోమీటర్ల లోపల నున్నది. తల్లిదండ్రులు న్యాయస్థానమున కెక్కిరి. ఆపద వచ్చిన వేళ చేసిన తప్పే కాదు, ఆపదకు ముందే తగిన ప్రణాళిక సిద్ధపరుపకుండుటయు నేరమే యని 2018లో సెండాయి హైకోర్టు నిర్ణయించెను. 2019లో ఆ తీర్పు స్థిరపడెను. అదే విపత్తునందు కమైషి పట్టణమున ముందుగా అభ్యాసము చేసియున్న వేలకొలది విద్యార్థులు తమంత తాము మెరకకు పరుగెత్తి బ్రతికిరి.

విద్య ఉమ్మడి జాబితాలోని విషయము. కావున ఢిల్లీ వంక చూచుచు కూర్చుండ బనిలేదు. మన శాసనసభయే చట్టము చేయవచ్చును. అందు ముఖ్యముగ నైదంశము లుండవలెనని మేము సూచించుచున్నాము. ప్రభుత్వపు బడి యైనను, ప్రైవేటు బడి యైనను, నియమితకాలమున కొకమారు ఆ కట్టడముతో సంబంధము లేని ఇంజనీరు పరీక్షించి యిచ్చిన దృఢతాపత్రము బడి గోడపై తెలుగులో ప్రదర్శింపబడవలెను. పత్రము లేని గదిలో పిల్లలను కూర్చుండబెట్టరాదు. ప్రతి బడికిని తనదైన ఆపత్కాల ప్రణాళిక యుండి, తుపానుల ఋతువునకు ముందు అభ్యాసము జరుగవలెను. తాళపుచెవి యెవరియొద్ద నుండునో, వారు లేనప్పుడు ఎవరియొద్ద నుండునో పేర్లతో వ్రాయబడవలెను. తుదకు, మరమ్మతు అవసరమని నివేదిక వచ్చిన పిమ్మట గడువులోపల ద్రవ్య మీయని యధికారియు బాధ్యుడు కావలెను. ప్రధానోపాధ్యాయునిపైననే నేరము మోపుట న్యాయము కాదు.

భద్రత యనగా ఎత్తైన ప్రహరీ, ఇనుపగేటు, కావలివాడు అని తలచువారు కలరు. బయటివారి భయమునకు అవి యవసరమే. కాని నిప్పు వచ్చిన వేళ, నీరు వచ్చిన వేళ ఒకే ద్వారము, దానికి తాళము ఉన్న బడి బంధిఖానా యగును. లోనికి రానీయకుండుటకు ఎంత యాలోచింతుమో బయటికి పోనిచ్చుటకును అంత యాలోచింపవలెను.

ద్రవ్యము లేదను మాట రానే వచ్చును. ప్రణాళిక వ్రాయుటకు, అభ్యాసము చేయించుటకు, రెండవ తాళపుచెవి చేయించుటకు ఖజానా ఖాళీ కాదు. కట్టడముల మరమ్మతునకు ధనము కావలెను, నిజమే. పడిపోయిన బడిని మరల కట్టుటకును ధనము కావలెను; పోయిన బిడ్డలను మాత్రము ఏ ఖజానాయు తేజాలదు.

భూస్వాములును, పట్టణవాసులును అగు మా చదువరులలో పలువురి బిడ్డలు దూరపు నగరములలో చదువుచుండవచ్చును. అందుచే పాలెపు బడి తమది కాదని తలపరాదు. తమ పొలములలో పాటుపడువారి బిడ్డలు, తమ భోజనమునకు చేపలు తెచ్చువారి బిడ్డలు అచ్చట నున్నారు. విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘములలో మూడువంతులు తల్లిదండ్రులే. వారు మాటాడుటకు జంకినచో, గ్రామమున పలుకుబడి గలవారు వారి ప్రక్కన నిలిచి, దృఢతాపత్రమేది, ప్రణాళిక యేది, తాళపుచెవి యెవరియొద్ద నున్నదని అడుగవలెను. ఆ యడుగుటకు చట్టము వచ్చువరకు నిరీక్షింప నక్కరలేదు.

స్వరాజ్యమున బిడ్డల ప్రాణము వారముల పేర్లపై నాధారపడి యుండరాదు. రాబోవు తుపానుల ఋతువునకు ముందే మన శాసనసభ్యులు, ముఖ్యముగ తీరప్రాంత ప్రతినిధులు, ఈ చట్టమును సభ ముందుంచెదరు గాక యని కోరుచున్నాము.