జి.పి.ఎస్. యంత్రము: అది దాచుకొను చిత్తు లెక్క

కొన్నేండ్ల క్రిందటివరకు బెంగళూరులో క్రొత్త చిరునామాకు పోవలసినవారు నాలుగు కూడళ్ళలో ఆగి నలుగురిని అడిగెడివారు. ఇప్పుడు ఆ అడుగుట దాదాపు మానితిమి. ఆటో నడుపు తండ్రిగారు, సరకులు ఇంటింటికి చేర్చు అన్నగారు, సాయంకాలము బడి వ్యాను ఎచ్చటికి వచ్చినదో ఇంటినుండి చూచుకొను తల్లిగారు, అందరును ఫోనులోని నీలిచుక్కనే నమ్ముకొనియున్నారు. ఆ చుక్క ఎట్లు పుట్టుచున్నది, దానిని ఎంతవరకు నమ్మవచ్చును, అది తప్పినప్పుడు మనకు తెలియు మార్గమేమి అను సంగతులను తలిదండ్రులకు తేటగా చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

జి.పి.ఎస్. అనునది అమెరికా రక్షణశాఖవారి ఏర్పాటు. ఇందలి మొదటి ఉపగ్రహము 1978 ఫిబ్రవరిలో ఆకాశమున కెగసినది. 1995 నాటికి ఏర్పాటంతయు పూర్తియైనది. ఈ ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తామెచ్చట నున్నవో, తమ గడియారములో ఎంత సమయమైనదో ఎడతెగక ప్రకటించుచుండును. మన చేతిలోని యంత్రము వానికి మారుపలుకదు. వినుట, లెక్కకట్టుట, ఇంతే దాని పని. సంకేతము బయలుదేరిన సమయమునకును చేరిన సమయమునకును గల తేడానుబట్టి ఉపగ్రహము ఎంత దూరమున నున్నదో గ్రహించును.

సంకేతము సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగముతో వచ్చును. కాలమును కొలుచుటలో సెకనులో పదిలక్షవ వంతు తప్పినను దూరమున 300 మీటర్లు తప్పును. ఉపగ్రహములలో పరమాణు గడియారములు కలవు. మన ఫోనులో నున్నది చౌకయైన స్ఫటికపు గడియారము. కనుక యంత్రము తన అక్షాంశము, రేఖాంశము, ఎత్తు అను మూటితోబాటు తన గడియారపు తప్పును గూడ కనుగొనవలసియున్నది. తెలియని రాశులు నాలుగైనచో సమీకరణములును నాలుగు కావలెనని మన పైతరగతుల పిల్లలకు తెలిసినదే. అందుచేతనే కనీసము నాలుగు ఉపగ్రహములు కనబడవలెను. మూడే కనబడినచో యంత్రము ఎత్తును తానే ఊహించుకొని మిగిలిన లెక్క చేయును. ఊహ తప్పినచో చుక్కయు తప్పును.

లెక్కల పరీక్షలో జవాబు మాత్రము చూచి మార్కు వేయు ఉపాధ్యాయుడు మంచి ఉపాధ్యాయుడు కాడు. ప్రక్కనున్న చిత్తు లెక్కను చూచినగాని పిల్లవాడు తెలిసి వ్రాసెనో, ఊహించి వ్రాసెనో తేలదు. జి.పి.ఎస్. యంత్రములకును అట్టి చిత్తు పుట యొకటి కలదు. కర్మాగారమున తయారుచేయువారును, మరమ్మతుచేయువారును యంత్రమును పరీక్షించుటకై దానిని లోపల ఉంచెదరు. గార్మిన్ కంపెనీవారి ఈట్రెక్స్ లెజెండ్, విస్టా వంటి పాత చేతి యంత్రములలో నడిమి మీటను నొక్కిపట్టి యుండగా యంత్రమును వెలిగించినచో మామూలు తెరకు బదులు ఈ పరీక్షాపుట తెరచుకొనును. సాఫ్టువేరు ఎన్నవ కూర్పు, బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నవి, మీటలన్నియు సరిగా పనిచేయుచున్నవా మొదలగునవి అందు కనబడును. కొన్న పుస్తకములో దీని ప్రస్తావన సాధారణముగా ఉండదు.

దాచుటకు కారణము లేకపోలేదు. మీటల కూర్పు కొంచెము మారినచో కొన్ని నమూనాలలో యజమాని నిలువచేసికొనిన గుర్తులన్నియు తుడుచుకొనిపోవును. తెలియనివారి చేయి తగులకుండుటకే ఆ తలుపు మూసియుంచిరి. అయినను అందలి కొన్ని సంగతులు అందరికిని అవసరమైనవి. సాఫ్టువేరు కూర్పునే తీసికొనుడు. జి.పి.ఎస్. పాత పద్ధతిలో వారములను 10 బిట్లతో లెక్కించును. 1024 వారములు కాగానే లెక్క మరల సున్నకు వచ్చును. 1980 జనవరి 6న మొదలైన ఆ లెక్క 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరియొకసారి సున్నకు వచ్చినది. సాఫ్టువేరు దిద్దుకొనని పాత యంత్రములు కొన్ని ఆ పిమ్మట తేదీని దాదాపు ఇరువదియేండ్లు వెనుకకు చూపినవి. యంత్రము చెడలేదు, కూర్పు పాతదైనది.

ఫోనులలోను ఇట్టి పుట కలదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోనులలో ప్రత్యేక సంకేత సంఖ్యలు నొక్కినచో పరీక్షాపుటలు తెరచుకొనెడివి. క్రొత్త ఫోనులలో పెక్కింట ఈ ద్వారములు మూసివేయబడినవి. అయినను జి.పి.ఎస్. టెస్ట్ వంటి ఉచిత యాప్‌లు అవే సంగతులను చూపును. అందు చూడవలసినవి నాలుగు.

మొదటిది, ఎన్ని ఉపగ్రహములు లెక్కలోనికి వచ్చినవి. ఆకసమున కనబడునవి వేరు, లెక్కలో వాడబడునవి వేరు.

రెండవది, సంకేతబలము. దీనిని డెసిబెల్ హెర్ట్జులలో చూపుదురు. మైదానమున నిలిచినప్పుడు 40 పైబడి యుండుట సాధారణము. 30కి తగ్గినచో సంకేతము నీరసించినదని తెలియవలెను. హెబ్బాళ వంతెన క్రిందనో, మెట్రో దారి క్రిందనో నిలిచి చూచినచో ఈ అంకెలు పడిపోవుట కంటికి కనబడును. అద్దాల మేడల నడుమ మరియొక చిక్కు కలదు. సంకేతము గోడను తాకి మరలి వచ్చును. చుట్టుదారి వచ్చిన దానిని యంత్రము తిన్నని దారియని భ్రమించి దూరమును ఎక్కువగా లెక్కించును. చుక్క ప్రక్కవీధికి దుముకుటకు పెక్కుసార్లు కారణమిదియే.

మూడవది, ఉపగ్రహముల అమరిక. దీనిని డి.ఓ.పి. అందురు. ఉపగ్రహములన్నియు ఒకే మూలకు చేరియున్నచో చిన్న తప్పు పెద్దదగును. ఆకసమంతట చెదరియున్నచో తప్పు అణగును. ఈ అంకె 2 లోపుగా నుండుట మేలు. 5 దాటినచో అనుమానింపవలెను.

నాలుగవది, సమయము. చుక్క ఏ క్షణమున లెక్కింపబడినదో ఆ క్షణమున మాత్రమే అది సాక్ష్యము.

ఈ పుట తెరువ నవసరము లేకయే కనబడు గుర్తు ఒకటి కలదు. పటములో చుక్క చుట్టును లేతనీలి వలయ ముండును. ఆండ్రాయిడ్ ఫోనులలో ఆ వలయమునకు అర్థము, నిజమైన స్థానము అందులోపల నుండుటకు నూటికి 68 పాళ్ళు అవకాశమున్నదని. అనగా వలయము చిన్నదైనను, మూడింట దాదాపు ఒక పర్యాయము మనము దాని వెలుపలనే యుండవచ్చును.

ఇదంతయు మనకెందుకని అడుగవచ్చును. ఒక బడి వ్యానునకు జరిగిన సంగతి చెప్పెదను. ఒక సాయంకాలము వ్యాను ఇరువది నిమిషములపాటు ఉల్సూరు చెరువు నడుమ నిలిచియున్నట్లు తలిదండ్రుల ఫోనులు చూపినవి. చెరువులో వ్యాను ఉండదని అందరికి తెలియును. కాని గట్టున ఎచ్చటనో నిలిపి డ్రైవరు కాలక్షేపము చేసెనని అనుకొనిరి. మరునాడే అతనిని తొలగింపవలెనని మాట పుట్టినది. అతనికిని చదువుకొను పిల్లలు కలరు. యంత్రము నమర్చినవారిని పిలిచి లోపలి దాఖలాను తెరిపించి చూడగా, చివరి లెక్కకు మూడే ఉపగ్రహములు అందినట్లును, పిమ్మట ఫోను సంకేతము తెగినట్లును, ఆ తరువాతి స్థానములన్నియు యంత్రములో నిలువయుండి ఆలస్యముగా చేరినట్లును తేలినది. వ్యాను ఎచ్చటను ఆగలేదు. వాహనముల నిండుదనమున మెల్లగా కదలుచు ఇంటికే వచ్చుచుండెను. ఆ దాఖలా చూడకున్నచో ఒక కుటుంబము వీధిన పడియుండెడిది.

ప్రయాణికుల వాహనములలో అమర్చు యంత్రములకు ఎ.ఐ.ఎస్. 140 అను ప్రమాణము కలదు. దానినిబట్టి యంత్రము పంపు ప్రతి వార్తలోను అది అప్పటిదా, నిలువయుండి వచ్చినదా అను గుర్తు ఉండును. లెక్కకు వచ్చిన ఉపగ్రహముల సంఖ్యయు ఉండును. తలిదండ్రులు చూచు తెరపై ఇవి తరచుగా కనబడవు. అడిగినచో చూపగలరు.

తన లోపమును తానే చెప్పుకొనుట ఈ శాస్త్రమున అవమానము కాదు, నియమము. జి.పి.ఎస్. ఉపగ్రహము తన ఆరోగ్యము బాగున్నదో లేదో తన సందేశములోనే చెప్పును. బాగులేదన్న దానిని యంత్రము లెక్కనుండి విడిచిపెట్టును. మన దేశపు నావిక్ వ్యవస్థయు ఇట్టి పరీక్షను ఎదుర్కొన్నది. దీని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న ఆంధ్రతీరమున నున్న శ్రీహరికోటనుండి ఎగసినది. దీని నావిగేషన్ కేంద్రము మన బెంగళూరు చెంతనున్న బ్యాలాళులో నున్నది. ఆ మొదటి ఉపగ్రహములోని మూడు పరమాణు గడియారములును ఆగిపోయినవని 2017లో లోకమునకు తెలిసినది. విదేశములనుండి తెచ్చిన గడియారములవి. 2023 మే 29న ఎగసిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహములో స్వదేశమున తయారైన రుబీడియం గడియారమును అమర్చిరి. విమానముల కొరకైన గగన్ అను ఏర్పాటునకు ప్రధాన కేంద్రము బెంగళూరులోని కుందలహళ్ళిలో కలదు. జి.పి.ఎస్. తప్పులను లెక్కించి దిద్దుబాటును పంపుటయే గాక, నమ్మదగని ఉపగ్రహము పేరు చెప్పి హెచ్చరించుటయు దాని పని. విమానచోదకునికి అందు హెచ్చరికవంటిది మనకును అందవలెను గదా.

ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. వాట్సాపులో ఎవరో పంపిన రహస్య సంఖ్యలను ఫోనులో నొక్కరాదు. కొన్ని సంఖ్యలు మనకు వచ్చు పిలుపులను ఇతరుల ఫోనునకు మళ్ళించును. మోసగాండ్రు వీనినే వాడుచున్నారు. పరీక్షాపుటను చూచుటవరకే మనకు పని. అందలి అంకెలను మార్చుట మరమ్మతుదారునికి విడువవలెను.

కావున వ్యాను ఆలస్యమైనప్పుడు మొదట డ్రైవరునకో, ఆయమ్మకో ఫోను చేయుడు. చుక్క ఎన్ని గంటలకు లెక్కింపబడినదో చూడుడు. వలయమెంత పెద్దదో చూడుడు. ఇంకను అనుమానము తీరనిచో మరునాడు కార్యాలయమునకు వచ్చి దాఖలాను చూపుమని అడుగుడు. చూపించుట మా విధి. ఇంట ఎనిమిదవ తరగతి దాటిన పిల్లలున్నచో ఒక ఆదివారము మైదానమునకు తీసికొనిపోయి, ఆరుబయట నొకసారి, వంతెన క్రింద నొకసారి ఈ అంకెలను వ్రాయించి పోల్చి చూపుడు. తరగతిలో మేము ఒక నెల చెప్పినను అంత బాగుగా పట్టుబడదు.